సాష్టాంగపడిన పడవలు

బండి చక్రాల చప్పుడు కన్నా తెడ్ల చప్పుడే ఎక్కువగా వినిపించే రాజ్యం ఒకటుండేది. దాని పేరు పాయలదీవి. సముద్రంలో కలిసేముందు నది అక్కడ ఏడెనిమిది పాయలుగా చీలింది. ఆ పాయలను కలుపుతూ వెనకటి రాజులు కాలువలు తవ్వించారు. ధాన్యం కదలాలన్నా, పెళ్ళివారు కదలాలన్నా, కుమ్మరి చేసిన కుండ ఊరు దాటాలన్నా అక్కడ పడవే దిక్కు.

ఆ రాజ్యాన్ని ఉద్దండ భూపతి ఏలుతుండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. కానీ తన మాటంటే తనకు మహా మోజు. నోటి నుంచి వెలువడిన ఆజ్ఞను వెనక్కి తీసుకోవడం రాజు చేయవలసిన పని కాదని ఆయన గట్టి నమ్మకం. ఆయన కొలువులో సింగనభట్టు అనే చమత్కారి ఉండేవాడు. భట్టు గొంతు సవరించుకుంటే చాలు, ఏం చెబుతాడో వినకముందే సభ నవ్వడానికి సిద్ధపడేది. అలా నవ్వించడం అతనికి అలవాటై, ఎవరిని చూసి నవ్విస్తున్నాడో చూసుకోవడం మానేశాడు.

ఏటా చైత్రంలో కాలువల్లో నీరు సన్నగిల్లగానే పడవలవాళ్ళు తమ పడవలను దుంగల మీదుగా గట్టు మీదికి లాగి బోర్లించేవారు. అడుగున పట్టిన పాచి గీకి, పది పదిహేను రోజులు ఎండకు వదిలేవారు. పుచ్చిన చెక్క తీసేసి కొత్తది వేసేవారు. చెక్కల సందుల్లో కొబ్బరినార దట్టించి, పైన నూనెలో కాచిన గుగ్గిలం పూసేవారు. దానికి నెల పట్టేది. ఆ నెల్లాళ్ళూ గట్ల పొడుగునా పడవలు వీపులు చూపిస్తూ వరసగా పడుండేవి.

ఒక చైత్రమాసంలో పొరుగు రాజ్యం నుంచి దూత వచ్చాడు. వచ్చిన పని ముగించుకుని, వెళ్ళేముందు మర్యాదగానే ఒక మాట అడిగాడు, తమ రాజ్యంలో పడవలకేమైనా తెగులు సోకిందా అని. ఉద్దండ భూపతి ముఖం మాడిపోయింది. దూత గుమ్మం దాటగానే పడవలవాళ్ళ పెద్దను పిలిపించమన్నాడు.

ఆ పెద్ద పేరు మరిడయ్య. అరవై దగ్గరపడినవాడు. ముప్ఫై బస్తాలు మోసే సొంత పడవ ఉంది. దాని చుక్కాని పట్టి నలభై ఏళ్ళయింది. కొలువు మెట్లు ఎన్నడూ ఎక్కి ఎరగడు. ఉతికిన పంచె కట్టుకుని, తడిచేతులు అలవాటు కొద్దీ పంచెకే తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. నెల్లాళ్ళపాటు పడవలను చచ్చిన చేపల్లా గట్టున పడేయడం ఎందుకని రాజు అడిగాడు.

"పడవ నీళ్ళ మీద బతుకుద్దండి, కానీ నీళ్ళల్లోనే ఉంచేస్తే చచ్చిపోద్దండి," అన్నాడు మరిడయ్య. "నానిన చెక్క ఎండాలండి. ఎండితేనే దాని లోపం కనబడుద్ది. ఏటా ఒక్క నెల గట్టెక్కించకపోతే సందులొదిలేసి నీళ్ళోసుకుంటాయండి."

ఆ చివరి మాట దగ్గర సింగనభట్టు గొంతు సవరించుకున్నాడు.

"మహారాజా, విన్నారు కదా. మరిడయ్య పడవ నీళ్ళోసుకుందట. అందుకే నెల్లాళ్ళు పుట్టింటికి పంపమని అడుగుతున్నాడు. ఇంతకీ ఎన్నో నెల మరిడయ్యా?"

సభ విరగబడి నవ్వింది. రాజు కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. మరిడయ్య మళ్ళీ ఏదో చెప్పబోయాడు. వేవిళ్ళ మనిషిని ఎక్కువగా మాట్లాడించకూడదు ప్రభూ అని భట్టు ఇంకోటి వదిలాడు. ఆ నవ్వు అణిగేసరికి మరిడయ్య తల వాలిపోయింది. చెప్పవలసింది అతని నోట్లోనే ఉండిపోయింది.

నవ్విన ఊపులోనే రాజు ఆజ్ఞ ఇచ్చాడు. ఇకమీదట తన రాజ్యంలో ఏ పడవా పని మాని గట్టెక్కకూడదు, ఎక్కితే ఆ పడవ రాజుగారి సొత్తవుతుంది. భట్టుకు జరీ శాలువా కప్పాడు. గట్టున ఉన్న పడవలను ఎక్కడి పని అక్కడే ఆపించి ఆ సాయంత్రానికల్లా నీళ్ళలోకి తోయించారు.

భట్టు చమత్కారం అతనికన్నా ముందే ఊళ్ళు తిరిగింది. రేవుల్లో, సంతల్లో, నీళ్ళకు వెళ్ళిన ఆడవాళ్ళ మధ్య అదే మాట. మరిడయ్య పడవ ఏ రేవుకు చేరినా, నీళ్ళోసుకున్నావిడ వచ్చిందని ఎవరో ఒకరు అనేవారు. అతను వినపడనట్టు తాడు కట్టుకునేవాడు.

వానాకాలం వచ్చింది. కాలువలు గట్ల అంచులదాకా నిండాయి. భాద్రపదంలో సింగనభట్టు తండ్రిగారి తద్దినానికి అన్నగారి ఊరికి బయల్దేరాడు. రేవులో ఒక్కటే పడవుంది. ఎక్కి కూర్చున్నాడు. చుక్కాని దగ్గరున్న ముసలాయన్ను ఒకసారి చూశాడు, పోల్చుకోలేదు. తాను ఆడిన మాట పొల్లు పోకుండా గుర్తుంది గాని, ఎవరిని అన్నాడో ఆ ముఖం గుర్తులేదు.

పడవలో పదకొండు మంది ఉన్నారు. వాళ్ళలో ఒక నూనెల వర్తకుడు భట్టును గుర్తుపట్టాడు. ఆస్థానం భట్టుగారు మన పడవలో ఉండగా దారి అలుపే తెలియదు అని మురిసిపోయాడు. ఆ పడవ నీళ్ళోసుకున్న సంగతి తమ నోట వినాలని ఉందని బతిమాలాడు. భట్టుకు సంతోషమేసింది. రాజుగారి గొంతుతో ఒకసారి, పడవలవాడి గొంతుతో ఒకసారి అనుకరిస్తూ, చేతులు పంచెకు తుడుచుకోవడం కూడా చేసి చూపిస్తూ కథంతా చెప్పాడు. వర్తకుడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

మిగిలినవాళ్ళు నవ్వలేదు. ఒక కుమ్మరావిడ తల పక్కకి తిప్పుకుంది. ఇంకొకాయన నెమ్మదిగా కళ్ళతో చుక్కాని వైపు చూపించాడు. భట్టు అటు చూశాడు. ముసలాయన ఒక చేత్తో చుక్కాని పట్టుకుని, రెండో చేత్తో చిప్పతో నీళ్ళు తోడి కాలువలో పోస్తున్నాడు. పడవెక్కిన దగ్గర్నుంచీ తోడుతూనే ఉన్నాడు. తల ఎత్తలేదు.

భట్టు అనుకరించి చూపించిన మనిషి ఆయనే.

భట్టు ఏదో అనాలని నోరు తెరిచాడు. అంతలో కాళ్ళ కింద ఫట్‌మని చప్పుడైంది. అడుగుచెక్క ఒకటి సందు దగ్గర విచ్చుకుని నీళ్ళు బుడబుడమని పైకి తన్నాయి. జనం లేవబోయారు. ఎవరూ లేవొద్దని, లేస్తే బోల్తా పడుద్దని మరిడయ్య గట్టిగా చెప్పాడు. ఆ రోజంతా అతని నోట భట్టు విన్న మొదటి మాట అదే. ఒక గోనెసంచి చుట్టి ఆ సందులో కుక్కి, దాని మీద కాలు అదిమిపెట్టి, చుక్కాని విరిగేంత బలంగా తిప్పి పడవను దగ్గర్లో ఉన్న రాతిరేవు వైపు మళ్ళించాడు. పడవ రేవురాళ్ళకు కొట్టుకోబోతుంటే విసురు ఆపడానికి కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. పడవ అంచుకూ రాయికీ మధ్య ఆ చెయ్యి నలిగింది.

పదకొండు మందీ మొలలోతు నీళ్ళలోంచి గట్టెక్కారు. వాళ్ళు చూస్తుండగానే పడవ లోతుకు జారి, ముక్కు పైకి లేచి, వెనక్కి వాలి, మునిగిపోయింది.

మరిడయ్య చేతికి తువ్వాలు చుట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చాడు. తువ్వాలులోంచి రక్తం కారుతోంది. చేతులు జోడించడానికి ఎడమచెయ్యి ఒక్కటే లేచింది.

"తడిపేశానండి," అన్నాడు భట్టు దగ్గరికొచ్చి. "నలభై ఏళ్ళల్లో నా పడవెక్కినోళ్ళు తడికాళ్ళతో దిగలేదండి. తద్దినానికి పెట్టుకున్న మడిబట్టలు కూడా తడిసిపోయినాయి. నాకు సిగ్గుగా ఉంది బాబూ. ఏమీ అనుకోకండి."

సింగనభట్టు గట్టున నిలబడిపోయాడు. సిగ్గుపడవలసింది తానైతే, ఆ ముసలాయన పడుతున్నాడు. అది చూడలేకపోయాడు, అలాగని చూపు తిప్పుకోనూ లేకపోయాడు. అన్నగారింట తద్దినం పెడుతున్నంతసేపూ మంత్రం ఒకటి చెప్పమంటే ఇంకొకటి చెప్పాడు.

తిరిగొచ్చిన మర్నాడే రాజు దగ్గరికి వెళ్ళి జరిగినదంతా ఉన్నదున్నట్టు చెప్పాడు. మరిడయ్య పడవ మునిగిందని, ఈ వానల్లో ఇంకో నాలుగు పడవలు కూడా అలాగే పోయాయని, ఆజ్ఞ సడలించాలని వేడుకున్నాడు. రాజు సగం వినేసరికే నవ్వడం మొదలుపెట్టాడు.

"అయితే పురుడు వచ్చేసిందన్నమాట," అన్నాడు.

సభ గొల్లున నవ్వింది. తన మాట మరొకరి నోట వింటే ఎంత మోటుగా ఉందో భట్టుకు అప్పుడు తెలిసింది. ఇది హాస్యం కాదు ప్రభూ అన్నాడు. దానికి ఇంకా నవ్వారు. ఎన్నో ఏళ్ళుగా నవ్వించడానికే నోరు విప్పిన మనిషి నిజం చెబుతున్నాడని ఎవరికి తోస్తుంది. చివరికి రాజు నవ్వాపి, ఆజ్ఞ ఆజ్ఞేనని, ఈ రోజు వెనక్కి తీసుకుంటే రేపు పొరుగువాళ్ళు నవ్వుతారని చెప్పి లేచి వెళ్ళిపోయాడు.

భట్టు వెతుక్కుంటూ మరిడయ్య ఇంటికి వెళ్ళాడు. కాలువగట్టున తాటాకు ఇల్లు. మరిడయ్య భార్య అచ్చియ్యమ్మ వాకిట్లో తాళ్ళు పేనుతోంది. మంచం వాల్చి కూర్చోమంది గాని ముఖంలో ఏ భావమూ లేదు. మరిడయ్య లోపల గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కుడిచేతి మూడు వేళ్ళు ఇక వంగవని వైద్యుడు చెప్పాడట. పది రోజులైంది ఆయన గడప దాటి.

"పడవ పోయినందుక్కాదు బాబూ," అంది అచ్చియ్యమ్మ. "పడవ ముంచినోడు అని రేవులో ఎవరన్నా అంటారేమోనని. ఆ మాట పడలేక లోపలే ఉంటున్నాడు."

ఆ తప్పు ఆయనది కాదని, తనదని భట్టు చెప్పాడు. ఆవిడ తాడు పేనడం ఆపలేదు.

"మీ మాట మా రేవుదాకా వచ్చింది బాబూ. మా మాట మీ సభదాకా రాలేదు," అంది అంతే.

కొరడాతో కొట్టినా అంత తగిలేది కాదు. భట్టు లేచి గడప దగ్గర నిలబడి, లోపలున్న మనిషికి వినిపించేలా చెప్పాడు. "మరిడయ్యగారూ, ఈ ఆజ్ఞను నేనే తెచ్చిపెట్టాను. నేనే తీయిస్తాను. మీరు మాత్రం బయటికి రావాలి. ఏ పడవకు ఎక్కడ లోపముందో మీకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు."

లోపల్నుంచి జవాబొచ్చింది. "నన్ను గారు, మీరు అనకండి బాబూ. బాగుండదు."

విజయదశమి వచ్చింది. ఆ రోజు రాజ్యంలోని ఏనుగులూ గుర్రాలూ రథాలూ ఆయుధాలూ అలంకరించుకుని రాజుగారి ముందు నుంచి వెళ్ళడం ఆచారం. ఏనుగులు తొండమెత్తి మొక్కాయి. గుర్రాలు ముందుకాళ్ళు వంచాయి. ఉద్దండ భూపతి మహా సంతోషంగా ఉన్నాడు. అప్పుడు సింగనభట్టు దిగులు ముఖం పెట్టుకుని ముందుకొచ్చాడు.

ఈ శుభదినాన ఆ ముఖమేమిటని రాజు అడిగాడు. చెప్పడానికే సంకోచంగా ఉందన్నాడు భట్టు. చెప్పమని రాజు గద్దించాడు.

"ప్రభూ, తమ రాజ్యంలో అన్నీ వచ్చి తమకు మొక్కాయి. ఒక్క పడవలే రాలేదు. పెద్ద ప్రభువుల కాలం నుంచీ తమ కాలువల్లో తిరుగుతూ, తమ నీళ్ళు వాడుకుంటూ, ఒక్కనాడు తమ పాదాలకు దణ్ణం పెట్టి ఎరగవు. పొరుగువాళ్ళకు తెలిస్తే ఏమనుకుంటారోనని నా దిగులు."

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు చెప్పలేదన్నాడు. పడవలు ఎలా మొక్కుతాయని అడిగాడు. పడవకు తొండం లేదు, కాళ్ళు లేవు, కనుక సాష్టాంగపడటం ఒక్కటే దారి అన్నాడు భట్టు. గట్టు మీదికి వచ్చి, బోర్లా పడి, ప్రభువులకు మొక్కాలి. అయితే సాష్టాంగానికి వచ్చేవాడు మురికితో రాకూడదు. ఒంటి మురికి గీకించుకుని, ఎండలో ఆరి, నూనె రాయించుకుని, చినిగినచోట బాగుచేసుకుని రావాలి. పడవలు వందల్లో ఉన్నాయి. ఒక్కొక్కదాని మొక్కూ ప్రభువులు తీరిగ్గా అందుకోవాలంటే నెల్లాళ్ళు పడుతుంది. వానలు వెనకబట్టాక, కోతలు మొదలయ్యేలోపు, కార్తీకం అందుకు తగిన మాసం.

రాజుకు అంతా నచ్చింది. ఒక్కచోట మాత్రం ఆగాడు.

"పడవలు గట్టెక్కకూడదని నేను ఆజ్ఞ ఇచ్చాను కదా. నా మాట నేను వెనక్కి తీసుకోను."

"ఎవరు తీసుకోమన్నారు ప్రభూ," అన్నాడు భట్టు. "పని మాని గట్టెక్కకూడదని తమ ఆజ్ఞ. తమకు మొక్కడానికి మించిన పని పడవకేముంది?"

రాజు తల పంకించాడు. తన ఆజ్ఞలో ఇంత లోతుందని తనకే అప్పుడు తెలిసినట్టు చిరునవ్వు నవ్వాడు. అప్పటికప్పుడు చాటింపు వేయించాడు. కార్తీకమాసమంతా పడవల కొలువు, ప్రతి పడవా గట్టెక్కి సాష్టాంగపడాలి, రానిది రాజుగారి సొత్తవుతుంది.

పొగిడి పని చేయించుకున్నందుకు ఇంకోనాడైతే భట్టు గర్వపడేవాడు. ఆ రోజు ఇంటికి వెళ్ళి నోరు పుక్కిలించుకున్నాడు.

కార్తీకం వచ్చేసరికి గట్లన్నీ గుగ్గిలం వాసనతో నిండిపోయాయి. చాటింపు విన్న పడవలవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఏమీ అనకుండా పనిలో దిగారు. మొదటి రెండు రోజులూ మరిడయ్య రాలేదు. మూడోనాడు పొద్దున అచ్చియ్యమ్మ వెంట వచ్చాడు. తల దించుకునే వచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఒకతను తన పడవ దగ్గర జాగా ఇచ్చి, ఇదిగో ఇక్కడ కొంచెం చూడు మావా అన్నాడు. మరిడయ్య ఎడమచేత్తో చిన్న కర్ర పట్టుకుని చెక్కను తట్టి, చెవి ఆనించి విని, ఇదీ తీసెయ్యి, ఆ పక్కది కూడా అని చెప్పాడు. ఆ తర్వాత ఒక పడవ నుంచి ఇంకో పడవకు పిలుపు వస్తూనే ఉంది.

పున్నమికి ముందు రాజు కొలువు చూడడానికి వచ్చాడు. గొడుగు నీడలో, పడవల వరసల మధ్య, మొక్కులందుకుంటూ నడిచాడు. తన ఏనుగులు కూడా ఇంత వినయంగా ఎన్నడూ మొక్కలేదన్నాడు. చివరికి తన సొంత పడవ దగ్గరికి వచ్చాడు. హంస మెడలాంటి ముక్కు, దాని మీద బంగారు పూత. చైత్రంలో ఇచ్చిన ఆజ్ఞ ప్రకారం అది కూడా ఒక్కనాడూ గట్టెక్కలేదు. మార్గశిరంలో నది ఉత్సవానికి రాణి, పిల్లలు అందులోనే వెళ్ళబోతున్నారు. రాజు పడవ కదా అని పనివాళ్ళు దాన్ని బోర్లించడానికి జంకారు. నా పడవే నాకు మొక్కకపోతే ఎలాగని రాజు కసురుకున్నాడు. ఇరవై మంది పట్టి గట్టు మీదికి లాగి తిప్పారు.

పైన ఎంత మెరుగో కింద అంత నలుపు. పాచి జడలు కట్టి వేలాడుతోంది. పాచి గీకిన చోట మరిడయ్య కర్రతో తట్టాడు. చప్పుడు సరిగ్గా రాలేదు. ఏమిటి వింటున్నావని రాజు ముందుకు వంగి, తనూ చూద్దామని చెక్క మీద వేలు పెట్టి నొక్కాడు. వేలు ఉంగరందాకా లోపలికి దిగింది. తడిసిన అరిసెలో దిగినట్టు దిగింది. లాగితే గుప్పెడు చెక్క పిండిలా ఊడి వచ్చింది.

రాజు ఆ పిండిని అరచేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈ పడవ ఎంత దూరం వెళ్ళేది?" అని అడిగాడు.

"రేవు దాటేదండి," అన్నాడు మరిడయ్య. "నది మధ్యకెళ్ళేదాకా బాగానే ఉండేదండి."

"ఈ మాట నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

మరిడయ్య నెమ్మదిగా జవాబిచ్చాడు. "చెప్పానండి."

రాజు అప్పుడు ఆ ముసలాయన ముఖంలోకి చూశాడు. వంగని మూడు వేళ్ళ వైపు చూశాడు. చైత్రంలో జరిగిన కొలువు గుర్తొచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి. గొడుగు పట్టినవాణ్ణి దూరంగా వెళ్ళమన్నాడు. ఆ తర్వాత భట్టు వైపు తిరిగాడు. సాష్టాంగం, నూనె రాయడం, ఆరబెట్టడం, నెల్లాళ్ళు, ఒక్కొక్కటీ ఆయనకు అర్థమవుతూ వచ్చింది.

"అయితే నన్ను మోసం చేశావు," అన్నాడు.

"రెండుసార్లు చేశాను ప్రభూ," అన్నాడు భట్టు. "మొదటిసారి నవ్వించి తప్పుదారి పట్టించాను. దానికి శాలువా కప్పారు. రెండోసారి పొగిడి మంచిదారికి తెచ్చాను. దీనికేం శిక్షో తమరే చెప్పాలి."

రాజు అతనివైపు ఒక్క క్షణం తీక్షణంగా చూశాడు. తర్వాత పెదవులు కదిలాయి. సభలో నవ్వే నవ్వు కాదది. బంగారు పూత పడవనూ, చేతిలోని చెక్కపిండినీ, తననూ చూసుకుని మెల్లగా మొదలుపెట్టి, ఇక ఆపుకోలేక నవ్వాడు. రాజు తనను చూసి తాను నవ్వుకోవడం ఆ రాజ్యంలో ఎవరూ అంతకుముందు చూడలేదు.

పడవల కొలువు ఏటా జరగాలని అక్కడే ఆజ్ఞాపించాడు. అదీ వెనక్కి తీసుకోనన్నాడు. వానల్లో మునిగిన పడవలన్నిటికీ బదులు కొత్తవి తన టేకు కలపతో కట్టించి ఇస్తానన్నాడు. ఆ పని పెత్తనం మరిడయ్యకే అప్పగించాడు. మొదటి పడవ ఆయనకే అన్నాడు. భట్టుకు తన చేతి కంకణం తీసి ఇవ్వబోయాడు. భట్టు తీసుకోలేదు. దాని బదులు ఒక సభ ఇప్పించమని కోరాడు. ఆనాడు నవ్వినవాళ్ళందరూ ఉండాలి. మరిడయ్య కూర్చుని ఉండాలి. తాను నిలబడాలి.

ఆ సభ జరిగింది. మరిడయ్య పీట అంచున కూర్చున్నాడు, లేచిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు. భట్టు ముందుకు వచ్చాడు. గొంతు సవరించుకోగానే అలవాటు చొప్పున ఇద్దరు ముగ్గురు నవ్వారు. రాజు చెయ్యెత్తితే ఆగిపోయారు. తనకు తెలియని పని గురించి తెలిసిన మనిషి చెబుతుంటే నవ్వులాటతో ఆయన నోరు మూయించానని, ఐదు పడవలూ ఒక మనిషి చెయ్యీ ఆ నవ్వులో పోయాయని భట్టు చెప్పాడు. ఆనాటి జరీ శాలువా తెచ్చి మరిడయ్య పాదాల దగ్గర పెట్టి తల వంచాడు.

మరిడయ్య కంగారుగా కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. క్షమించాననలేదు, లేదనీ అనలేదు. లేవండి బాబూ అన్నాడు. భట్టుకు అంతే దక్కింది. అది తక్కువని అతనికి అనిపించలేదు.

కొత్త పడవ మాఘంలో నీళ్ళలోకి దిగింది. మొదటి ప్రయాణానికి రేవులో జనం నిండారు. భట్టు కూడా వచ్చాడు గాని, ఎక్కవచ్చో కూడదో తేల్చుకోలేక వెనకాలే నిలబడ్డాడు. అందరూ ఎక్కాక మరిడయ్య ఎడమచెయ్యి చాపాడు.

"జాగ్రత్తండి, పలక కొత్తది, జారుద్ది," అన్నాడు, పడవెక్కే ఎవరితోనైనా అన్నట్టే.

పడవ కదిలింది. ఎవరో భట్టును చూసి, దూరాభారం ప్రయాణం, నవ్వొచ్చే ముచ్చటేదైనా సెలవియ్యమని అడిగారు. భట్టు తల అడ్డంగా ఊపాడు. వెనక్కి జరిగి చుక్కాని దగ్గర కూర్చుని, చెక్కను తట్టి విన్నప్పుడు మంచిదానికీ పుచ్చుదానికీ చప్పుడులో తేడా ఎలా తెలుస్తుందని మరిడయ్యను అడిగాడు.

మరిడయ్య మొదట ఒకటి రెండు మాటలే చెప్పాడు. తర్వాత ఇంకొన్ని చెప్పాడు. అవతలి రేవు కనిపించేదాకా చెబుతూనే ఉన్నాడు. సింగనభట్టు మధ్యలో ఒక్క మాటా ఆడకుండా విన్నాడు.